ఊరొకచోట – స్టేషనొకచోట

నాగర్‌కర్నూలుకు కందనూలు అని మరొక పేరున్నది. చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. ఎడ్లబండి తప్ప వేరే బండి ఎరుగని కాలంలో దూరాల నుంచి వచ్చే బండ్లవాళ్ళు అక్కడ ఆగి, ఇరుసులకు కందెన పూసుకుని మళ్ళీ దారి పట్టేవారట. ఆ కందెన దొరికే ఊరే కాలక్రమాన కందనూలు అయిందని చెప్పుకుంటారు. తుంగభద్ర ఒడ్డున ఉన్న కర్నూలుకు కూడా దాదాపు ఇదే కథ ఉన్నది; అలంపురం గుళ్ళకు రాళ్ళు తోలిన బండ్లకు అక్కడ కందెన వేసేవారని. ఏ ఊరి కథ అసలుదో, ఏ ఊరిది ఎరువు తెచ్చుకున్నదో తేల్చడం పండితుల పని. మనకు కావలసింది ఒక్క ముక్క. బండి ఇరుసు మీద పేరు తెచ్చుకున్న ఆ ఊరికి నేటివరకు రైలు రాలేదు.

నాగర్‌కర్నూలు మనిషి రైలెక్కాలంటే జడ్చర్లకో, మహబూబ్‌నగరుకో పోవాలి. అటూయిటూగా ఏభై కిలోమీటర్ల మాట. వనపర్తి వాళ్ళకు రైలు ఉన్నట్టే ఉండి లేదు. ఆ కథ తర్వాత చెబుతాను. ఈ మూడు పట్టణాలలోకీ గద్వాల ఒక్కటే అదృష్టవంతురాలు. స్టేషను ఊరిని అంటుకునే ఉన్నది. కాని గద్వాలకు మరొక లోటు: హైదరాబాదు నుంచి కర్నూలుకు పోయే పెద్ద రోడ్డు గద్వాలకు రాదు. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర ఒక చేయి చూపించి తన దారిన తాను పోతుంది. అక్కడ దిగినవాడు పదిహేను కిలోమీటర్లకు పైగా మరో బండి చూసుకోవలసిందే.

ఇట్లా ఒక ఊరికి రైలుంటే రోడ్డు లేదు, ఒక ఊరికి రోడ్డు దగ్గరగా ఉంటే రైలు లేదు. పాత పాలమూరు జిల్లా దక్షిణ భాగంలో ప్రయాణమంటే ఎంత దూరం పోతున్నామన్నది కాదు లెక్క. ఎక్కడెక్కడ దిగి ఎక్కాలన్నదే లెక్క. నూట యాభై కిలోమీటర్లు కూర్చుని పోవచ్చు, బాధ లేదు. చివరి పదిహేను కిలోమీటర్లకే ప్రాణం విసుగెత్తుతుంది.

పేరు వనపర్తి, ఊరు మదనాపురం

కాచిగూడ నుంచి కర్నూలు పోయే రైల్లో కూర్చుని, మహబూబ్‌నగర్, దేవరకద్ర, కురుమూర్తి దాటిన తర్వాత కిటికీలోంచి చూస్తే ‘వనపర్తి రోడ్’ అని బోర్డు కనిపిస్తుంది. కొత్తవాడు వనపర్తి వచ్చిందనుకుని సంచీ సర్దుకుని దిగితే, ఎదుట కనిపించేది మదనాపురం. వనపర్తి కోట గాని, వనపర్తి బజారు గాని అక్కడ లేవు. అక్కడి నుంచి కొత్తకోటకు పోయి, పెద్ద రోడ్డు దాటి, మరొక దారిన వనపర్తికి చేరాలి. మొత్తం ఇరవై కిలోమీటర్లకు అటూయిటూ ఉంటుంది.

రైల్వేవారి భాషలో ‘రోడ్’ అన్న మాటకు ఉన్న అర్థం తెలిసినవాడు మోసపోడు. ఫలానా ఊరు అని కాదు, ఫలానా ఊరికి పోయే దారి ఇక్కడున్నది అని దాని భావం. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆముదాలవలసలో ఉన్నది. గద్వాల దాటిన తర్వాత అలంపూర్ రోడ్ అని ఇంకొకటి ఉన్నది. జోగులాంబను చూడబోయే భక్తులు ఒకప్పుడు దాన్ని నమ్ముకుని దిగి నానా తిప్పలు పడేవారు. తర్వాత గుడికి దగ్గరగా, తుంగభద్ర ఇవతల, శ్రీ బాలబ్రహ్మేశ్వర జోగులాంబ హాల్టు అని చిన్న స్టేషను ఒకటి పెట్టారు. అమ్మవారి కోసం రైలు ఆగింది. వనపర్తి జనం కోసం మాత్రం పట్టాలు పక్కకు జరగలేదు.

ఆ పట్టాలు కొత్తవి కావు. నిజాము రైల్వేకు ముఖ్యస్థానంగా కాచిగూడ స్టేషను భవనం కట్టింది 1916లో. మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల వైపు, ఆ తర్వాత తుంగభద్ర దాటి కర్నూలు, ద్రోణాచలం వరకు పోయిన ఆ లైను చాలాకాలం మీటర్ గేజీ లైను. చిన్న పెట్టెలు, నిదానం నడక, ప్రతి స్టేషనులో నీళ్ళకుండ. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్సులో తిరుపతి పోయి వచ్చిన తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. 1990లలో ఆ లైనును పెద్ద లైను చేశారు.

ఈ లైను మీద ఒక దుర్దినం కూడా ఉన్నది. 1956 సెప్టెంబరు 2న, జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వరద తాకిడికి ఒక వంతెన కూలి, రాత్రివేళ రైలు వాగులో పడి నూరుమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి బాధ్యత తనదేనని రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో మద్రాసు రాష్ట్రంలో అరియలూరు దగ్గర మరో రైలు పడిపోయిన తర్వాత ఆయన నిజంగానే తప్పుకున్నారు. శాస్త్రిగారి రాజీనామా గురించి మాట్లాడేవాళ్ళందరికీ అరియలూరు గుర్తున్నది. మొదటి దెబ్బ పాలమూరు వాగులో తగిలిందన్న సంగతి గుర్తున్నవాళ్ళు తక్కువ.

మదనాపురం దగ్గర కూడా వాగున్నది. దాని పేరు ఊకచెట్టు వాగు. పైన సరళాసాగరమనే జలాశయం ఉన్నది. వనపర్తి సంస్థానాధీశుల చొరవతో పునాది పడి 1959లో పూర్తయిన ఆ ప్రాజెక్టుకు ఒక వింత ఉన్నది: నీరు ఒక మట్టానికి రాగానే మనిషి చేయి వేయనక్కర లేకుండా సైఫన్లు తమంతట తామే తెరుచుకుని అదనపు నీటిని వదిలేస్తాయి. చూడవచ్చిన ఇంజనీర్లు మెచ్చుకునే ఏర్పాటు. అయితే సైఫన్లు తెరుచుకున్న రోజున కింద ఊకచెట్టు వాగు పొంగి రోడ్డు మీదికి వస్తుంది. కొత్తకోట–ఆత్మకూరు మధ్య రాకపోకలు ఆగిపోతాయి. బస్సు ఆ ఒడ్డున, ప్రయాణికులు ఈ ఒడ్డున. సైఫనుకు మనిషి అక్కరలేదు గాని, మనిషికి రోడ్డు కావాలి కదా!

ఒకే ఇంటి బిడ్డలు

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సు మొదలైంది 1932లో. దాన్ని నడిపింది ఎవరో కాదు, రైల్వేవారే. నిజాము రైల్వేలో రోడ్డు రవాణా శాఖ అని ఒకటి పెట్టి, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించారు. అంటే ఆనాడు రైలు, బస్సు ఒకే ఇంటి బిడ్డలు. ఒకే కచేరీలో కూర్చున్నవారు రైలు వేళా, బస్సు వేళా రెండూ చూసేవారు.

తర్వాత కాలంలో అన్నదమ్ములు వేరుపడ్డారు. రైలు కేంద్రానికి పోయింది. బస్సు 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. తెలంగాణ వేరైన తర్వాత తెలంగాణ సంస్థ అయింది. వేరుపడడంలో తప్పేమీ లేదు. పెద్ద సంసారాలు ఎంతకాలమని కలిసి ఉంటాయి! కాని వేరుపడ్డ అన్నదమ్ములు కనీసం ఒకరి ఇంటికి చుట్టాలొచ్చిన సంగతి మరొకరికి చెప్పుకోవాలి. వనపర్తి రోడ్డులో రైలు దిగినవాళ్ళ కోసం వనపర్తి బస్సు ఒకటి కాచుకుని ఉండాలంటే రైలు ఆలస్యమైన సంగతి బస్సు డ్రైవరుకు తెలియాలి. ఈ రోజుల్లో రైలు ఎక్కడున్నదీ చేతిలో ఉన్న ఫోనులో పిల్లవాడు కూడా చూసి చెబుతున్నాడు. తెలియక కాదు, చూడవలసిన పని ఎవరిదో తేలక.

అందువల్లనే వనపర్తి జనంలో చాలామంది రైలు జోలికి పోరు. పట్నం పోవాలంటే బస్సే. పట్నమంటే హైదరాబాదు, పాలమూరువాడికి వేరే పట్నం లేదు.

గద్వాలలో మాత్రం రైలుకు మర్యాద ఉన్నది. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్సు, హంద్రీ ఎక్స్‌ప్రెస్సు – నదుల పేర్లు పెట్టుకున్న ఈ రెండు బండ్లూ కర్నూలుకూ జంటనగరాలకూ మధ్య తిరుగుతూ గద్వాలకు బంధువులైపోయాయి. చీరల మూట వేసుకుని పోయే వ్యాపారి, పెద్దాస్పత్రిలో చూపించుకోవడానికి పోయే ముసలాయన, పరీక్ష రాయబోయే పిల్ల, అందరూ జనరల్ పెట్టెలో ఒకరి మోకాలు ఒకరికి తగిలేట్టు కూర్చుని పోతారు. కాచిగూడకు సుమారు 180 కిలోమీటర్లు. రోడ్డు మీద కన్న చార్జీ తక్కువ, నడుము నొప్పి తక్కువ. 2013లో గద్వాల నుంచి రాయచూరుకు కొత్త లైను కూడా తెరిచారు. నడిగడ్డవారికి రాయచూరు పరాయి ఊరు కాదు; పత్తి బేరం, పెళ్ళి సంబంధం, డాక్టరు, మూడింటికీ అటు పోతూనే ఉంటారు. ఈ లైను వచ్చేదాకా ఆ ప్రయాణమంతా రోడ్డు మీదనే.

రైలుకు ఉన్న చిక్కల్లా ఒంటి లైను. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ వరకు, సుమారు 85 కిలోమీటర్లు, రెండో లైను వేసి విద్యుత్తు కూడా పెట్టి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. మహబూబ్‌నగర్ నుంచి ద్రోణాచలం వరకు రెండో లైనుకు అదే ఏడాది ఆగస్టులో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఒంటి లైను మీద ఎదురుబండి వస్తే ఒక బండి పక్కకు తప్పుకుని నిలబడాలి. ఏ మర్యాదస్తుడి రైలుకో దారి ఇవ్వడం కోసం సామాన్యుల బండి చిన్న స్టేషనులో వేపచెట్టు కింద ఆగి ఉండడం ఈ లైను ఎరిగినవారందరికీ అనుభవమే.

చౌరస్తాలో కాపురం

ఇక రోడ్డు సంగతి. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే జాతీయ రహదారి (పాతవాళ్ళ లెక్కలో ఏడో నంబరు, ఇప్పుడు నలభై నాలుగు) షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూరు, కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి బీచుపల్లి ఆంజనేయుడి పాదాల దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తాల మీదుగా కర్నూలు పోతుంది. మంచి రోడ్డు. అద్దంలాంటి రోడ్డు. మన మూడు పట్టణాలలో ఒక్కదాని గుమ్మంలోకి కూడా అది రాదు.

నాగర్‌కర్నూలుకు భూత్పూరులో మలుపు తిరిగి బిజినేపల్లి మీదుగా పోవాలి. వనపర్తికి కొత్తకోటలోనో పెబ్బేరులోనో తిరగాలి. గద్వాలకు ఎర్రవల్లిలో. అందుకని ఈ దారిలో ఊళ్ళకన్న చౌరస్తాలకు పేరెక్కువ. ‘యాడున్నవ్?’ అని ఫోను చేస్తే ‘కొత్తకోటల దిగిన’ అనో, ‘ఎర్రవల్లి చౌరస్తల నిలవడ్డ’ అనో జవాబు వస్తుంది. ఇల్లు చేరానని చెప్పడానికి ఇంకా అరగంటో గంటో పడుతుంది. చాయ దుకాణం, మిర్చీల బండి, పండ్లబండి, షేర్ ఆటోలు, జీపులు అన్నీ ఆ అరగంట మీద బతుకుతున్నాయి. ఒక విధంగా చూస్తే ప్రయాణికుడి విసుగే చౌరస్తాకు పెట్టుబడి.

పగలైతే ఫరవాలేదు. రాత్రి పదిదాటి బెంగుళూరు వైపు పోయే బస్సులో వచ్చినవాడిని, ఊరిలోకి పోకుండా పై వంతెన మీదనే దింపి ‘కిందికి దిగి పోండి’ అనే కండక్టర్లు ఉన్నారు. వాళ్ళ తప్పు కూడా కాదు. వాళ్ళ బస్సు ఎక్కడ ఆగాలో కాగితం మీద రాసి ఉన్నది. చేతిలో సంచి, చంకలో పిల్ల, చీకట్లో లారీల హోరు. అప్పుడు షేర్ ఆటోవాడు దేవుడిలా కనిపిస్తాడు. ఆటో నిండితే గాని దేవుడు కదలడు.

తెలియనివారికి దారి చెప్పాలి గనుక చెబుతున్నాను. పట్నంలో మహాత్మాగాంధీ బస్ స్టేషనులో ఎక్కితే సీటు దొరుకుతుంది. ఊరిలోని రద్దీ దాటేసరికి పుణ్యకాలం కాస్తా గడుస్తుంది. ఆరాంఘర్ చౌరస్తాలో ఎక్కితే వేళ కలిసి వస్తుంది, సీటు మీ అదృష్టం. గద్వాల పోయేవాడు గద్వాల అని బోర్డున్న బస్సే ఎక్కాలి. కర్నూలు బస్సెక్కి ఎర్రవల్లిలో దిగుదామనుకుంటే పగటివేళ మాత్రమే ఆ సాహసం చెయ్యాలి. నాగర్‌కర్నూలుకు మాత్రం మరొక దారి ఉన్నది. శ్రీశైలం రోడ్డు పట్టి తుక్కుగూడ, కడ్తాల, ఆమనగల్లు మీదుగా కల్వకుర్తి చేరి, అక్కడినుంచి తాడూరు మీదుగా రావచ్చు. నగరానికి తూర్పున, దక్షిణాన ఉండేవారికి ఇదే నయం. నాగర్‌కర్నూలుకు రైలు లేదన్న దిగులును రెండు రోడ్లు కొంత తీరుస్తున్నాయి.

అప్ అండ్ డౌన్

2016 అక్టోబరు 11 దాకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణాలు. కలెక్టరుగారికి అర్జీ ఇవ్వాలంటే అలంపురం రైతు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి మహబూబ్‌నగరు పోవలసి వచ్చేది. పొద్దున బయలుదేరితే ఆఫీసు వేళకు చేరడం కష్టం. ముందురోజే పోయి చుట్టాల ఇంట్లోనో సత్రంలోనో పండుకునేవారు. ఆ రోజున మూడు పట్టణాలూ మూడు జిల్లా కేంద్రాలయ్యాయి. గద్వాల జిల్లాకు జోగులాంబ పేరు చేర్చారు. రైతు ప్రయాణం సగానికి తగ్గింది.

అయితే రైతు ప్రయాణం తగ్గిన రోజునే ఉద్యోగి ప్రయాణం మొదలయింది. కచేరీలు వచ్చాయి, కచేరీలలో పనిచేసేవాళ్ళు రావాలి కదా. 2022 నవంబరులో వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2024లో గద్వాలకు వచ్చింది. డాక్టర్లు, నర్సులు, గుమాస్తాలు, మేష్టర్లు. వీరిలో చాలామంది కాపురాలు మహబూబ్‌నగరులోనో హైదరాబాదులోనో ఉన్నాయి. పిల్లల చదువు అక్కడ, భర్త ఉద్యోగం ఒకచోట, భార్య ఉద్యోగం ఒకచోట. వీళ్ళు రోజూ పోయి వస్తారు. దీనికి ఇక్కడ అందరి నోట ఉన్న మాట ‘అప్ అండ్ డౌన్’. ‘సారు ఈడనే ఉంటడా?’ అని అడిగితే, ‘లేదు, అప్ అండ్ డౌన్ జేస్తడు’ అంటారు. సారు ఎన్ని గంటలకు దొరుకుతాడో ఊరివాళ్ళు బస్సు వేళను బట్టి లెక్క కడతారు.

మహబూబ్‌నగరులో కాపురముండి వనపర్తి ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సమ్మను అనుకోండి. ఎనిమిదికి డ్యూటీ అంటే అయిదు గంటలకు లేచి అన్నం వండి, ఆరింటికల్లా బస్టాండులో ఉండాలి. వనపర్తి బస్సు నేరుగా దొరికితే సుఖం. దొరక్కపోతే కొత్తకోట దాకా పోయే ఏదో ఒకటి ఎక్కి, అక్కడ చౌరస్తాలో దిగి, మళ్ళీ బస్సో ఆటోనో. ఇంటికి వచ్చేటప్పుడూ అంతే. రోజుకు మూడు నాలుగు గంటలు రోడ్డు మీద. నెలకు లెక్కవేస్తే ఆమె మరొక ఉద్యోగం చేస్తున్నట్టే. ఆ రెండో ఉద్యోగానికి జీతం లేదు. రాత్రి డ్యూటీ పడ్డనాడు పొద్దున తిరుగుప్రయాణంలో కిటికీకి తల ఆనించి నిద్రపోయి, దిగవలసిన చోటు దాటిపోవడం కూడా ఉంటుంది. బస్సులో ఎవరో ఒకరు ఆమెను ఎరిగినవారు ఉండి లేపుతారు గనుక సరిపోతున్నది. ఒకే వేళకు ఒకే బస్సెక్కేవాళ్ళు కొన్నాళ్ళకు ఒక కుటుంబం వంటివాళ్ళవుతారు; ఎవరి కూతురికి ఏ సంబంధం వచ్చిందో, ఎవరి అత్తకు చక్కెర వ్యాధి ఎంత ఉన్నదో అందరికీ తెలుసు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సులలో టిక్కెట్టు లేదు. ఆధారు కార్డు చూపిస్తే కండక్టరు జీరో టిక్కెట్టు ఇస్తాడు. ఈ నర్సమ్మకు నెలకు మిగిలే డబ్బు చిన్నది కాదు. ఇంటర్ చదివే పిల్ల ‘చార్జీలకు యాడ తేవాలె’ అన్న మాట లేకుండా కాలేజీకి పోతున్నది. కూలికి పోయే ఆడవాళ్ళు పక్క మండలంలో రెండు రూపాయలు ఎక్కువ ఇస్తారంటే పోగలుగుతున్నారు. అంత మేలు జరిగింది. కాని బస్సులో కాలు పెట్టే సందు లేకుండా పోయింది. నిండిన బస్సు చెయ్యెత్తితే ఆగదు. షేర్ ఆటోవాళ్ళు తమ గిరాకీ పోయిందని రాష్ట్రమంతటా గోలపెట్టారు. వాళ్ళ గోల కూడా అన్యాయమైనది కాదు. అప్పుచేసి కొన్న బండి. విచిత్రమేమంటే బస్సే రాని పల్లెలో టిక్కెట్టు ఉన్నా లేకపోయినా ఒకటే. అక్కడ ఆడవాళ్ళు ఇప్పటికీ డబ్బిచ్చి ఆటోలోనే పోతున్నారు. ఎవరికి ఉచితం ఎక్కువ అవసరమో వాళ్ళకే అందలేదు.

సాయంత్రం ఆఖరి బస్సు అన్నది ఈ పల్లెలలో గడియారం వంటిది. వనపర్తిలో పాత రాజభవనంలో పాలిటెక్నిక్ ఉన్నది. అంత చక్కని భవంతిలో చదువుకునే భాగ్యం ఎందరికి దొరుకుతుంది? కాని సాయంత్రమయ్యేసరికి రోజూ ఊరినుంచి వచ్చిపోయే పిల్లవాడి చూపు నల్లబల్ల మీద ఉండదు, కిటికీ మీద ఉంటుంది. ఆఖరి బస్సు తప్పితే స్నేహితుడి గదిలో పండుకోవడమో, తెలిసినవాడి మోటారు సైకిలు వెనక కూర్చోవడమో. ఆడపిల్ల అయితే ఆ రెండు దారులూ లేవు. ఆఖరి బస్సు ఎత్తివేసిన ఊరిలో ఎందరు ఆడపిల్లలు చదువు మానేశారో ఏ రిజిస్టరులోనూ రాసి ఉండదు.

నీళ్ళమీద దారి

రెండు నదుల మధ్య దేశం గనుక నడిగడ్డ అన్నారు. కృష్ణ ఇటు, తుంగభద్ర అటు. ఇక్కడ ప్రయాణపు కథ పుట్టి లేకుండా పూర్తికాదు. తట్టలాగా గుండ్రంగా, తోలు కప్పి ఉండే పుట్టిలో నది దాటడం తాతలనాటి నుంచి ఉన్నదే. గద్వాల దగ్గర కృష్ణ మధ్యలో గుర్రంగడ్డ అని ఒక దీవి ఉన్నది. దీవి అంటే సినిమాలో చూపించే దీవి కాదు. వరి పండించే ఊరు, బడి ఉన్న ఊరు. ఆ బడికి వచ్చే పంతులు ఏటిని దాటి రావాలి. పైన జూరాల గేట్లెత్తిన రోజుల్లో నది ఉరకలు వేస్తే ఊరు ఊరంతా తెగిపోతుంది. నొప్పులు పడుతున్న ఆడదాన్ని ఒడ్డుకు చేర్చడం ఎంత పనో చెప్పనక్కరలేదు. వంతెన కోసం వాళ్ళు ఎదురుచూసినన్ని ఏళ్ళు ఏ రైలు కోసమూ ఎవరూ ఎదురుచూసి ఉండరు.

ఆ జూరాలే మరొక విధంగా మేలు చేసింది. 1990లలో ఆనకట్ట పూర్తయిన తర్వాత దాని మీది దారి గద్వాలనూ ఆత్మకూరునూ కలిపింది. నీళ్ళ కోసం కట్టిన గోడ మనుషులకు వంతెన అయింది.

కొల్లాపురం వైపు నది ఇంకా పెద్దది. శ్రీశైలం జలాశయం నిండిన తర్వాత కృష్ణ అక్కడ నదిలాగా ఉండదు, సముద్రపు పాయలాగా ఉంటుంది. సోమశిల దగ్గర నిలబడి చూస్తే ఎదుటి ఒడ్డు సిద్ధేశ్వరం. కంటికి కనిపిస్తుంది. బస్సులో పోవాలంటే కర్నూలు చుట్టి నూరు కిలోమీటర్లకు పైమాటే. అందుకని జనం పడవలు నమ్ముకున్నారు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవైమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ఒకే ఇంట్లో నలుగురైదుగురు పోయిన గడపలున్నాయి. ఆనాటి నుంచి వంతెన మాట ఎన్నికల మాటల్లో నానుతూ వచ్చింది. కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూలు, కొల్లాపురం మీదుగా నంద్యాల వైపు పోయే దారిని జాతీయ రహదారిగా చేసి, సోమశిల–సిద్ధేశ్వరం మధ్య దాదాపు 1,082 కోట్ల రూపాయల అంచనాతో తీగల వంతెనకు 2022లో కేంద్రం అనుమతించింది. ఆ దారి పూర్తయిననాడు నాగర్‌కర్నూలు ఒక మూలన ఉన్న ఊరు కాదు. హైదరాబాదు నుంచి తిరుపతి పోయేవాళ్ళు తన వీధిలోంచి పోయే ఊరు. కందెన అమ్మే దుకాణానికి మళ్ళీ గిరాకీ వచ్చినట్టు!

రైలు మాట కూడా అట్లాగే దశాబ్దాలుగా నానుతున్నది. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూలు మీదుగా మాచర్లకు లైను వెయ్యాలన్న కోరిక నేటిది కాదు. అర్జీ పట్టుకుని తిరిగినవారి మనుమలు ఇప్పుడు అర్జీలు పట్టుకుని తిరుగుతున్నారు. 2023లో ఇంకొక రూపంలో కదలిక వచ్చింది: డోర్నకల్ నుంచి సూర్యాపేట, నల్లగొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, వనపర్తి మీదుగా గద్వాలకు సుమారు 296 కిలోమీటర్ల కొత్త లైనుకు తుది సర్వే మంజూరైంది. సర్వే అంటే రైలు కాదని ఈ ప్రాంతంలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అయినా సర్వేవాళ్ళు గొలుసు పట్టుకుని చేలోకి దిగారంటే, భూమి పోతుందేమోనన్న భయం ఒక పక్కా, రైలు వస్తుందేమోనన్న ఆశ ఒక పక్కా, రెండూ ఒకే రైతు మొహంలో కనిపిస్తాయి.

అంతదాకా ఆగలేనివాళ్ళ కోసం చేయదగిన చిన్నపని ఒకటున్నది. దానికి కోట్లు అక్కరలేదు, సర్వే అక్కరలేదు. పొద్దున పట్నం పోయే బండికీ, రాత్రి పట్నంనుంచి వచ్చే బండికీ మదనాపురం స్టేషను ముందర వనపర్తి డిపో బస్సు ఒక్కటి నిలబెడితే చాలు. రైలు వచ్చిన తర్వాతనే కదలాలి. ఎర్రవల్లిలో రాత్రి పదకొండు దాటిన తర్వాత గద్వాల డిపోవారు ఒక చిన్న బస్సు తిప్పితే చాలు. 1932లో చేతగానిది కాదు ఇది.

ఇక ఆ కొత్త లైను నిజంగానే వచ్చి, వనపర్తి ఊళ్ళోనే స్టేషను కట్టారనుకోండి. దానికి ‘వనపర్తి’ అని బోర్డు పెట్టక తప్పదు. అప్పుడు మదనాపురంలో ఉన్న ‘వనపర్తి రోడ్’ బోర్డును ఏం చేస్తారో చూడాలి. మదనాపురంవారు మాత్రం తమ ఊరి పేరు తమ స్టేషనుకు పెట్టమని అడుగుతారు.